లేయర్ కోళ్ల మేతలో ఖనిజాలు, బ్యాక్టీరియా జబ్బులు: శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుడ్ల కోళ్లు పెంచే రైతుకు రోజూ ఏదో ఒక కొత్త డబ్బా కనిపిస్తుంది. ఒకటి ఈ.కోలై రాకుండా చేస్తుందంటారు, ఇంకొకటి సాల్మొనెల్లాను కడిగేస్తుందంటారు. చాలా డబ్బాల్లో ఉండేది జింక్, రాగి, సెలీనియం, మట్టి లాంటి ఖనిజాలే. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఉన్నాయి, మోతాదు మించితే మందను కుప్పకూల్చేవీ ఉన్నాయి. షెడ్ల దగ్గర రైతులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి.

ఖనిజాలు వేస్తే బ్యాక్టీరియా జబ్బులు రావా?

రావని ఎవరైనా హామీ ఇస్తే ఆ మాట నమ్మకండి. ఖనిజం మందు కాదు. జబ్బు వచ్చిన కోడికి జింక్ వేసినా తగ్గదు. అయితే ఖనిజాలు తక్కువైన మందలో జబ్బు తొందరగా అంటుకుంటుంది, అంటుకున్నాక తొందరగా పాకుతుంది. అందుకే వీటి సంగతి జబ్బు రాకముందే చూసుకోవాలి.

కోడి తనను తాను కాపాడుకునే చోట్లు మూడున్నాయి. పేగు లోపలి పొర మొదటిది. రక్తంలో తిరుగుతూ క్రిములను పట్టి చంపే కణాలు రెండోది. మూడోది గుడ్డు పెంకు, అది కోడికన్నా గుడ్డునీ, గుడ్డు తినేవాళ్లనీ కాపాడుతుంది. ఈ మూడూ ఖనిజాల మీద ఆధారపడ్డవే. మనం మేతలో చేసేదంతా ఈ మూడు చోట్లా లోటు రాకుండా చూడటమే.

ఏ జబ్బులకు ఇది పనికొస్తుంది, ఏ జబ్బులకు పనికిరాదు?

పేగు దారిలో వచ్చేవాటికి ఎక్కువ పనికొస్తుంది. ఈ.కోలై, సాల్మొనెల్లా, క్లాస్ట్రీడియం వల్ల వచ్చే పేగు కుళ్లు ఈ కోవలోవి.

గుడ్లు పెట్టే కోడిలో ఈ.కోలై ఎలా ఉంటుందో ఒకసారి పోస్ట్‌మార్టం చేయించి మీ కళ్లతో చూడండి. బయటికి కోడి బాగానే ఉంటుంది, తురాయి ఎర్రగానే ఉంటుంది, మెడ కింది మేత సంచిలో మేత కూడా ఉంటుంది. పొట్ట కోస్తే లోపల గడ్డకట్టిన పచ్చసొన ముక్కలు పేగుల చుట్టూ అంటుకుని ఉంటాయి, చెడు వాసన వస్తుంది. క్రిమి వెనక ద్వారం నుంచి గుడ్డు గొట్టంలోకి ఎక్కుతుంది, లేదా గాలి సంచుల నుంచి దిగుతుంది. పీక్ గుడ్ల సమయంలో రోజుకో కోడి, రెండ్రోజులకో కోడి పోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫౌల్ టైఫాయిడ్ అయితే కాలేయం ఉబ్బి కంచు రంగుకు తిరుగుతుంది, రెట్ట పచ్చగా, పసుపుగా పడుతుంది. ఇది సాల్మొనెల్లా గాలినారం పని. మనుషులకు గుడ్ల ద్వారా వచ్చే సాల్మొనెల్లా ఎంటరిటైడిస్ వేరు. అది ఉన్న కోడి చాలాసార్లు జబ్బుగా కనిపించదు కూడా. అందుకే గుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినమని చెబుతాం.

ముఖం వాచి ముక్కు కారే కొరైజాకు, కోళ్ల కలరాకు ఖనిజాల మీద ఆశ పెట్టుకోవద్దు. వాటికి టీకా, ఎలుకల నియంత్రణ, వేర్వేరు వయసుల కోళ్లను కలపకపోవడం, ఇవే దారి.

జింక్ గురించే అందరూ ఎందుకు ఎక్కువ చెబుతారు?

చెప్పుకోదగ్గదే కాబట్టి. పేగు లోపలి కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటేనే క్రిములు రక్తంలోకి దూరవు. ఆ అతుకులు గట్టిగా ఉండటానికి జింక్ కావాలి. పిల్ల వయసులో జింక్ తక్కువైతే రోగనిరోధక కణాలు పెరిగే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. పాదాల చర్మం పగిలిన చోట నుంచి స్టాఫిలోకాకస్ దూరి అరికాలు గడ్డ కడుతుంది, దాని వెనకా జింక్ లోటు ఉండొచ్చు. పెంకు తయారీలో కార్బోనేట్ అందించే ఎంజైమ్‌కు కూడా జింక్ కావాలి.

ఎంత కావాలి? అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994 పట్టికలో రోజుకు 100 గ్రాముల మేత తినే లేయర్‌కు 35 పీపీఎం (టన్ను మేతకు 35 గ్రాములు) అని ఉంది. ఇప్పటి కోళ్లు ఏడాదికి 300 దాటి గుడ్లు పెడుతున్నాయి కాబట్టి బ్రీడ్ కంపెనీల గైడ్లు 80 నుంచి 100 పీపీఎం దాకా చెబుతాయి. యూరప్‌లో కోళ్ల మేతకు పై హద్దు మొత్తం 120 పీపీఎం. మొక్కజొన్న, సోయా, తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లం జింక్‌ను పట్టేసి పేగుకు అందనివ్వదు. మేతలో కాల్షియం ఎక్కువయ్యేకొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతుంది. లేయర్ మేతలో కాల్షియం ఎప్పుడూ ఎక్కువే గనక ఆ ఫైటిక్ ఆమ్లాన్ని విరిచే ఫైటేజ్ ఎంజైమ్ వాడుతున్నారో లేదో మీ ఫీడ్ మిల్లును తప్పక అడగండి.

మిగతా ఖనిజాలు?

సెలీనియం, విటమిన్ ఇ రెండూ కలిసి పనిచేస్తాయి. క్రిములను చంపే కణాలు ఆ పనిలో తామే కాలిపోకుండా ఇవి కాపాడతాయి. మాంగనీస్ పెంకు లోపలి అల్లికకు, రాగి పెంకు కింద పొరకు అవసరం. ఈ రెండిట్లో ఏది తక్కువైనా పెంకు బయటికి బాగున్నట్టే ఉండి లోపల బలహీనంగా ఉంటుంది.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ మన కాళ్ల కిందే ఉంది కదా. దాన్ని పొడి చేసి వేయొచ్చా?

వద్దండి. ఈ ప్రశ్న నవ్వులాటకు అడిగేది కాదు, కొందరు నిజంగానే అడుగుతారు. విజయనగరం జిల్లా మాంగనీస్‌కు పెద్ద చరిత్రే ఉంది. గర్భాం, కోడూరు గనులు ఆ పేరు మీదే పెరిగాయి. కోడూరు పేరు మీద కోడురైట్ అని ఒక రాయికి పేరు పెట్టారు. అయితే ఆ ఖనిజం ఉక్కు పరిశ్రమకు పోయే ముడి రాయి. కోడి పేగులో అది సరిగ్గా కరగదు. పైగా దానితోపాటు సీసం లాంటి భార లోహాలు ఉండొచ్చు, అవి నేరుగా గుడ్డులోకి వస్తాయి. కోళ్లకు వేయాల్సింది శుద్ధి చేసిన ఫీడ్ గ్రేడ్ మాంగనీస్ సల్ఫేట్, లేదా ఆక్సైడ్. ఎరువుల షాపులో పైర్లకు అమ్మే జింక్ సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్ విషయమూ ఇంతే. ధర తక్కువని మేతలో కలపకండి.

టన్ను మేతకు ఏది ఎంత? లెక్క ఎలా వేసుకోవాలి?

టన్ను మేతలో ఒక గ్రాము ఉంటే ఒక పీపీఎం. ఇది గుర్తుంటే లెక్క తేలికే. డబ్బాలో ఉన్న ఉప్పులో అసలు లోహం ఎంత శాతమో చూసి భాగించాలి.

జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్‌లో జింక్ దాదాపు 35 శాతం. 80 పీపీఎం కావాలంటే 80ని 0.35తో భాగిస్తే టన్నుకు సుమారు 229 గ్రాములు. అదే 72 శాతం జింక్ ఆక్సైడ్ అయితే 111 గ్రాములు. హెప్టాహైడ్రేట్ సల్ఫేట్‌లో జింక్ 22 శాతమే, కాబట్టి 364 గ్రాములు పడుతుంది. పేరు ఒకటే ‘జింక్ సల్ఫేట్’ అయినా బరువులో ఇంత తేడా ఉంది చూడండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

మైలుతుత్తంలో (కాపర్ సల్ఫేట్) రాగి 25 శాతం. 10 పీపీఎం కావాలంటే 40 గ్రాములు.

సెలీనియం 0.3 పీపీఎం అంటే టన్నుకు 0.3 గ్రాము. సోడియం సెలెనైట్‌లో సెలీనియం 45 శాతం గనక 0.67 గ్రాము. మన షెడ్డు దగ్గరి కాటా మీద ముప్పావు గ్రాము కూడా లేనిది ఎలా తూస్తారు? తూయలేరు, తూయకూడదు. కొన్ని పీపీఎం దాటితే సెలీనియం విషం. దాన్ని ఎప్పుడూ ప్రీమిక్స్ (కంపెనీ ముందే పలచగా కలిపి అమ్మే పొడి) రూపంలోనే కొనండి. విడిగా సెలెనైట్ పొడి షెడ్డులో ఉంచకండి.

ప్రీమిక్స్‌ను నేరుగా మిక్సర్‌లో గుమ్మరించొద్దు. ముందు రెండు కిలోల నూకలో చేత్తో బాగా కలపండి, చేతికి గ్లవ్స్ ఉండాలి. దాన్ని 20, 25 కిలోల నూకలో కలపండి. అప్పుడు మిక్సర్‌లో సగం మేత పడ్డాక వేయండి. ఇలా చేయకపోతే ఒక కేజ్ వరుసకు ఏమీ అందదు, ఇంకో వరుసకు నాలుగింతలు అందుతుంది. మందలో ఒక మూల కోళ్లు మాత్రమే డల్‌గా ఉంటున్నాయంటే నీళ్లతోపాటు ఈ కలపడాన్ని కూడా చూసుకోండి.

సల్ఫేట్ మేలా, ఆక్సైడ్ మేలా, ఆర్గానిక్ అంటూ అమ్మేది మేలా?

ఆక్సైడ్ చవక, కానీ ఒంటికి పట్టేది తక్కువ. సల్ఫేట్ బాగా పడుతుంది కానీ తేమ లాగుతుంది. మన తీరం గాలికి సంచి విప్పిన కొద్ది రోజులకే గడ్డలు కడుతుంది, పక్కనున్న విటమిన్లను పాడుచేస్తుంది. అందుకే విటమిన్ ప్రీమిక్స్, మినరల్ ప్రీమిక్స్ విడివిడిగా ఉంచి, మేత కలిపే రోజే కలపాలి.

ఆర్గానిక్ అంటే మెథియోనిన్, గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలకు కట్టిన లోహం. దీన్ని ఫైటిక్ ఆమ్లం అంత తేలిగ్గా పట్టుకోలేదు, తక్కువ వేసినా ఎక్కువ అందుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. నా సలహా ఏమిటంటే, అన్ని కోళ్లకూ ఏడాదంతా పెట్టొద్దు. 50 వారాలు దాటి పెంకు పలచబడుతున్న మందకూ, ఏప్రిల్, మే వేడికీ, మౌల్టింగ్ (పాత ఈకలు రాలి కొత్తవి వచ్చే దశ) తర్వాతా మొత్తం జింక్, మాంగనీస్‌లో మూడో వంతు ఆర్గానిక్‌కు మార్చండి. అక్కడ పెట్టిన డబ్బుకు విలువ కనిపిస్తుంది.

నీళ్లలో మైలుతుత్తం వేస్తే క్రిములు చస్తాయని మా పెద్దవాళ్లు వేసేవాళ్లు. ఇప్పుడూ వేయొచ్చా?

పెద్దవాళ్లు వేయడానికి కారణం ఉంది. మేత సంచిలో బూజు పుండ్లు పడే జబ్బుకు పాత రోజుల్లో అది మందు. రాగికి క్రిములను చంపే గుణం ఉన్న మాట కూడా నిజం. ప్రపంచంలో చాలాచోట్ల బ్రాయిలర్, పంది మేతలో 125 నుంచి 250 పీపీఎం రాగి వేసి పెరుగుదల చూపించారు.

అయినా ఇప్పుడు నేను వద్దంటాను. కోడి అవసరం పది పీపీఎం చుట్టుపక్కలే. దానికి పదింతలు, ఇరవయ్యింతలు వేస్తూ పోతే కందెనకాయ లోపలి పొర కొరుక్కుపోతుంది, అక్కడి నుంచి రక్తం కారి మేత తగ్గుతుంది. నీళ్లలో వేస్తే ఇనుప పైపులు తినేస్తుంది. కోళ్లు నీళ్లు తక్కువ తాగుతాయి, నీళ్లు తగ్గితే ఆ మర్నాడే గుడ్లు తగ్గుతాయి. ఎంత తాగిందో లెక్క తెలియదు కాబట్టి మోతాదూ తెలియదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రాగిని, జింక్‌ను తట్టుకోవడం నేర్చిన బ్యాక్టీరియాలో ఆ జన్యువులు యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులతో కలిసి ఉండటం శాస్త్రవేత్తలు చూశారు. అంటే మందులు తగ్గిద్దామని రాగి కుమ్మరిస్తే మందులు పనిచేయని క్రిములనే మనం పెంచినట్టు. యూరప్‌లో కోళ్ల మేతలో రాగికి 25 పీపీఎం పై హద్దు పెట్టడానికి ఈ భయాలూ, భూమిలో పేరుకుపోతుందన్న భయమూ కారణాలు.

పందిపిల్లలకు జింక్ ఆక్సైడ్ దంచి వేస్తారట. అదే మన కోళ్లకు వేస్తే?

పాలు మాన్పించిన పందిపిల్లలకు విరేచనాలు ఆగడానికి మూడు వేల పీపీఎం దాకా వేసేవాళ్లు. యూరప్ దాన్ని 2022లో ఆపేసింది. కోడికి ఎక్కువ జింక్ వేస్తే ఏమవుతుందో లేయర్ రంగానికి బాగా తెలుసు. మేతలో 2 శాతం జింక్ వేయడం కోళ్లను కావాలని గుడ్లు మాన్పించి ఈకలు రాల్పించే ఒక పద్ధతి. మేత ముట్టవు, వారం తిరక్కుండానే గుడ్లు ఆగిపోతాయి. మోతాదులో సున్నాలు ఎక్కువ పడితే మన మందకూ అటువైపే దారి.

గ్రిట్‌కూ (గుల్ల, సున్నపురాయి ముక్కలు) బ్యాక్టీరియాకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరని నాకు బాధ.

గుడ్డు పెంకులో 94, 95 శాతం కాల్షియం కార్బొనేటే. ఒక పెంకుకు రెండు గ్రాముల పైచిలుకు కాల్షియం పోతుంది. రోజుకు 110 గ్రాముల మేతలో 4 శాతం కాల్షియం ఉంటే 4.4 గ్రాములు. అందులో ఒంటికి పట్టేది సగం చుట్టుపక్కలే, అంటే లెక్క సరిగ్గా సరిపోతుంది, మిగులు లేదు. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, ఎక్కువ భాగం రాత్రి పూటే. రాత్రి కోడి తినదు. అప్పటికి కందెనకాయలో గ్రిట్ ముక్కలు మిగిలి ఉంటే అవి మెల్లగా కరిగి పెంకుకు అందుతాయి. పొడి మాత్రమే వేస్తే చీకటి పడేసరికి అయిపోతుంది, కోడి తన ఎముకలను కరిగించుకుంటుంది. పెంకు పలచబడితే, సన్న పగుళ్లు పడితే సాల్మొనెల్లాకు లోపలికి దారి దొరికినట్టే.

ఇంకో కారణం కడుపులోని ఆమ్లం. మేతతో వచ్చే క్రిములను చంపే మొదటి చోటు అదే. సన్నటి సున్నపురాయి పొడి ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇంట్లో పులుపు మీద సోడా వేస్తే పొంగి చప్పబడటం చూస్తాం కదా, అలాంటిదే. గ్రిట్ మెల్లగా కరుగుతుంది గనక ఆమ్లం మీద ఒక్కసారిగా దెబ్బ పడదు. కాబట్టి కాల్షియం అంతా పొడిగా వేయొద్దు. పీక్‌లో సుమారు సగం 2 నుంచి 4 మిల్లీమీటర్ల గ్రిట్‌గా ఇచ్చి, వయసు పెరిగేకొద్దీ మూడింట రెండు వంతుల దాకా తీసుకెళ్లండి. మేతలో వేయడంతోపాటు సాయంత్రం ఒకసారి పైన చల్లితే ఇంకా మంచిది.

మన తీరం గుల్ల మంచిదే, ఇసుకా ఉప్పూ లేకపోతే. ఒక గాజు గ్లాసులో గుప్పెడు గ్రిట్ వేసి వెనిగర్ పోయండి. కాల్షియం అయితే బుడగలు వస్తూ కరుగుతుంది, చాలా గంటలు పడుతుంది, వెనిగర్ రెండుమూడుసార్లు మార్చాలి. అడుగున మిగిలిందంతా ఇసుక. మిగిలింది ఎక్కువైతే ఆ లోడు వెనక్కి పంపండి. ఉప్పు కడగని గుల్ల వేస్తే రెట్ట పలచబడి గుడ్లు మురికి అవుతాయి. డోలమైట్ కలిసిన రాయి పొడి కూడా తీసుకోవద్దు, అందులోని మెగ్నీషియం పెంకుకు చేటు.

ఒక హెచ్చరిక: గుడ్డు మొదలుకాని పిల్లకోళ్లకు 4 శాతం కాల్షియం మేత ముందే మొదలుపెడితే మూత్రపిండాలు దెబ్బతిని గౌట్ (ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) వస్తుంది. గుడ్డుకు రెండు వారాల ముందు 2, 2.5 శాతం చాలు.

టాక్సిన్ బైండర్ అని అమ్మేది ఖనిజమేనా? దానికీ క్రిములకూ ఏం లింకు?

ఎక్కువ వాటిలో ఉండేది బెంటొనైట్ మట్టి. అది బ్యాక్టీరియాను నేరుగా చంపదు. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్‌ను పేగులోనే పట్టేసి రెట్టలో పంపేస్తుంది. అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని పాడుచేసి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అప్పుడు టీకా వేసినా సరిగ్గా పట్టదు, ఈ.కోలై తేలిగ్గా పడుతుంది. చాలా షెడ్లలో ‘ఏ మందుకూ తగ్గని ఈ.కోలై’ అసలు మొదలైంది మొక్కజొన్న గోడౌన్‌లో.

మన జిల్లాల్లో రబీ మొక్కజొన్న కోసి రోడ్డు పక్కన ఆరబోసే రోజుల్లోనే అకాల వర్షం పడుతుంది. పైన ఆరి లోపల తేమ ఉన్న గింజ సంచుల్లోకి వెళ్తుంది. కొనేముందు ఒక పరీక్ష చేయండి. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజ పోసి, రెండుమూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి ఒక నిమిషం ఊపి పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే. ఆ లోడు వద్దు. నిల్వకు 12, 13 శాతం లోపు ఉండాలి.

బెంటొనైట్ టన్నుకు ఒకటి నుంచి మూడు కిలోలు వాడతారు. అఫ్లాటాక్సిన్‌కు బాగా పనిచేస్తుంది, టీ-2 లాంటి ఇతర విషాలకు అంతగా పనిచేయదు. టైలోసిన్ లాంటి మందులు మేతలో ఇస్తున్నప్పుడు దాన్ని ఆపండి, మందును కూడా అది పట్టేస్తుంది.

జియోలైట్?

ఇదీ ఒక ఖనిజమే, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాను పట్టుకునే గుణం ఉంది. డీప్ లిట్టర్ షెడ్డులో (నేల మీద పొట్టు పరిచి పెంచేది) లిట్టర్ మీద చల్లితే కళ్ల మంట, గొంతు మంట తగ్గుతాయి. గొంతు పొర బాగుంటే ఊపిరి దారిలో ఈ.కోలై తగ్గుతుంది. గాలి ఆడని షెడ్డుకు మాత్రం ఇది చికిత్స కాదు, పక్క తెరలు ఎత్తండి.

మా బోరు నీళ్లు ఎర్రగా, ఇనుము వాసన వస్తాయి. దానివల్ల నష్టమా? రక్తానికి ఇనుము మంచిదే కదా?

మేతలో కావలసినంత ఇనుము ఉంటుంది, నీళ్లలోది అదనం. ఆ అదనం కోడికన్నా క్రిములకు ఎక్కువ ఉపయోగం. బ్యాక్టీరియా పెరగాలంటే ఇనుము తప్పనిసరి. కోడి శరీరం కూడా జబ్బు చేసినప్పుడు రక్తంలోని ఇనుమును దాచేసి క్రిమికి అందకుండా చేస్తుంది. గుడ్డు తెల్లసొనలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, తెల్లసొన ప్రొటీన్లలో దాదాపు ఎనిమిదో వంతు అదే. దాని పని ఇనుమును పట్టేసి, లోపలికి దూరిన క్రిమిని ఆకలితో మాడ్చడం. ప్రకృతి ఇంత కష్టపడి ఇనుమును దాస్తుంటే మనం పైపుల్లో పోయడం ఏం న్యాయం?

ఇనుము ఎక్కువైతే పైపుల లోపల జిగురు పొర కడుతుంది, నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే మొనలు) మూసుకుంటాయి, ఆ పొర కింద ఈ.కోలై దాక్కుంటుంది, క్లోరిన్ అక్కడికి చేరదు. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్తపడాలి. ట్యాంకును ఎత్తు మీద పెట్టి నీళ్లు జల్లులా పడేట్టు చేసి, ఒక రోజు తేరనిచ్చి, ఇసుక వడపోతలోంచి పంపితే చాలావరకు పోతుంది. మంద మారినప్పుడల్లా పైపులు ఆమ్లంతో, ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో విడివిడిగా కడగండి, రెండూ కలపకండి. క్లోరిన్ ట్యాంకులో ఎంత వేశారన్నది లెక్క కాదు, చివరి నిపుల్ దగ్గర 2, 3 పీపీఎం ఉందా అన్నదే లెక్క. నీళ్ల పీహెచ్ 8 దాటితే అది కూడా సరిగ్గా పనిచేయదు.

నీటి సంగతి సరిచేయకుండా ఖరీదైన జింక్ కొనడం నాకు అస్సలు నచ్చదు.

మే నెలలో గుడ్లు పగులుతాయి, ఈ.కోలై కూడా అప్పుడే వస్తుంది. ఎందుకు?

వేడికి కోడి నోరు తెరిచి వగరుస్తుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ పోయి, పెంకుకు కావలసిన బైకార్బొనేట్ రక్తంలో తగ్గుతుంది. మేత కూడా తగ్గుతుంది కాబట్టి కాల్షియమూ తగ్గుతుంది. రక్తం పేగు నుంచి చర్మం వైపు మళ్లుతుంది, పేగు కణాల అతుకులు వదులవుతాయి, క్రిములు లోపలికి దూరుతాయి. రెండు కష్టాలకూ కారణం ఒకటే.

టన్నుకు ఒకటి, రెండు కిలోల తినే సోడా వేసి, ఆ మేరకు ఉప్పు తగ్గించండి. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక మేత పెట్టండి. నీళ్ల పైపులు ఎండలో ఉంటే కప్పండి. ఆర్గానిక్ జింక్, సెలీనియం, విటమిన్ ఇ ఈ రెండు నెలలూ పెట్టిన ఖర్చుకు న్యాయం చేస్తాయి, వేడి మొదలవకముందే ప్రారంభించాలి.

తుపాను తర్వాత ఏం చేయాలి?

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ మనకు మర్చిపోలేని పాఠాలు. కరెంటు పోతుంది, మోటారు ఆడదు, వరద నీరు బావిలో, బోరులో కలుస్తుంది, మేత తడుస్తుంది. తడిసిన మేతను ఎండబెట్టి వాడొద్దు, అఫ్లాటాక్సిన్ ఎండకు పోదు. బోరును క్లోరిన్‌తో కడిగి, నీళ్లు పరీక్ష చేయించాకే పైపుల్లోకి వదలండి. చచ్చిన కోళ్లను సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, బావికి దూరంగా. ఆ వారం ఎలక్ట్రోలైట్లు ఇవ్వండి. భయపడి జింక్, రాగి పెంచొద్దు.

పెరట్లో పది వనరాజా, గ్రామప్రియ కోళ్లున్నాయి. వాటికీ ఇవన్నీ కావాలా?

అవసరం లేదు. చిప్పలో గుల్ల ముక్కలు విడిగా పెట్టండి, కోడి తనకు కావలసినంతే తింటుంది. బూజు పట్టిన నూకలు వేయొద్దు. రోజూ నీళ్లు మార్చండి. వరసగా రెండు కోళ్లు చస్తే 1962 నంబరుకు చేయండి, పశువుల అంబులెన్స్ సేవ అది.

ఖనిజాలు వేస్తే యాంటీబయాటిక్ పూర్తిగా మానేయొచ్చా?

‘ముందు జాగ్రత్త’ పేరుతో నెలకోసారి వేసే కోర్సు మానేయొచ్చు, మానేయాలి. జబ్బు నిజంగా వస్తే డాక్టరు చెప్పిన మందు వాడాల్సిందే, కోళ్లను బాధతో చావనివ్వడం పద్ధతి కాదు. అయితే చచ్చిన కోడిని ల్యాబ్‌కు పంపి ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో చూసుకుని వాడండి. గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. కొలిస్టిన్‌ను మన దేశంలో 2019 జులైలోనే పశువులకు, కోళ్లకు నిషేధించారు. ఎవరైనా పాత డబ్బా అంటగడితే తీసుకోకండి. మందు వాడినన్నాళ్లూ, ఆపై చీటీ మీద రాసిన రోజులూ గుడ్లు అమ్మొద్దు.

సంచి మీద ఏం చూసి కొనాలి?

ప్రతి ఖనిజం ఏ రూపంలో ఉంది, కిలోలో ఎన్ని గ్రాములుంది, టన్నుకు ఎంత వేయాలి, తయారీ తేదీ. ‘అన్ని ఖనిజాలూ కలవు’ అని మాత్రమే రాసిన సంచి వద్దు. కోళ్ల మినరల్ మిక్చర్‌కు భారత ప్రమాణం ఐ.ఎస్. 5672, ఆ గుర్తు ఉందేమో చూడండి. పశువుల మినరల్ మిక్చర్ కోళ్లకు వేయకండి, లెక్కలు వేరు.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

గ్రిట్ సరిచేస్తే వారం తిరిగేసరికి తోలు గుడ్లు, పగుళ్లు తగ్గడం మొదలవుతుంది. జింక్, మాంగనీస్, సెలీనియం తేడా తెలియాలంటే వారాలు పడుతుంది. అందుకే ట్రే ట్రేకీ పగిలిన గుడ్లు, రోజువారీ మరణాలు నోట్‌బుక్‌లో రాయండి. రాయకపోతే డబ్బా పనిచేసిందో వాతావరణం చల్లబడిందో ఎవరికీ తెలియదు.

కోళ్ల ఎరువు పొలానికి వేస్తాం. ఖనిజాలు అందులో ఉంటాయా?

ఒంటికి పట్టని జింక్, రాగి అంతా రెట్టలోనే పోతుంది. మోతాదులో ఉంటే పైరుకు మంచిదే. రాగి ఎక్కువ వేసిన షెడ్డు ఎరువు దగ్గరికి మాత్రం గొర్రెలను రానివ్వకండి. గొర్రెకు రాగి పడదు, కాలేయంలో నెలల తరబడి పేరుకుని ఒక్కసారిగా చంపేస్తుంది. మంద కట్టడానికి వచ్చే గొర్రెల కాపరులకు ఈ మాట ముందే చెప్పండి.

మురికి గుడ్లు కడిగి అమ్మొచ్చా?

కడగకపోవడమే మేలు. పెంకు మీద సహజంగా ఉండే సన్న పొర తడికి పోతుంది, వేల కొద్దీ ఉన్న రంధ్రాలు తెరుచుకుంటాయి, చల్లటి నీళ్లలో ముంచితే మురికి నీరు లోపలికి లాగబడుతుంది. ఇనుము ఉన్న బోరు నీళ్లతో కడిగిన గుడ్లు ఇంకా తొందరగా చెడిపోతాయి, తెల్లసొనలో ఇనుమును పట్టేసే ప్రొటీన్ గురించి పైన చెప్పాను కదా, ఆ ఇనుము లోపలికి చేరితే దాని పని ఆగిపోతుంది. మురికి కొంచెమే ఉంటే పొడి గుడ్డతో, స్క్రబ్బర్‌తో తుడవండి. బాగా మురికి అయినవి, పగిలినవి వేరు చేసి, ఆ రోజే బాగా ఉడికించి వాడేవాళ్లకు మాత్రమే ఇవ్వండి.